బల్ల ఎత్తు ఎవరు కొలిచారు?

అంబాజీపేట, పి.గన్నవరం, మామిడికుదురు, రాజోలు, మలికిపురం... ఎటు పోయినా కొబ్బరి తోటల మధ్య ఏదో ఒక పీచు మిల్లు కనబడుతుంది. ఒక్క పూట అక్కడ నిలబడి చూడండి. మిల్లు ముందు తడిసిన డొక్కలు గుట్టగా పోసి ఉంటాయి. గుట్ట నేల మీద ఉంటుంది. యంత్రం నోరు రొమ్ము ఎత్తున ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఒక మనిషి. వంగుతాడు, రెండు చేతులా డొక్కలు ఎత్తుతాడు, ఒళ్ళు పక్కకి తిప్పుతాడు, యంత్రం నోట్లో వేస్తాడు. మళ్ళీ వంగుతాడు. పొద్దున్న మొదలుపెడితే పొద్దు వాలేదాకా అదే పని. అవతల పక్క పీచు వచ్చి నేల మీద పడుతుంది. అక్కడ ఒక ఆడమనిషి వంగి దాన్ని పోగు చేస్తుంది, గంపకెత్తుతుంది, ఎండలో ఆరబోస్తుంది, తిరగేస్తుంది. ఆ పీచంతా మూటలవుతుంది. మూటలు లారీ ఎక్కుతాయి. అవి లారీ దాకా నడిచి పోవు కదా! ఎవరి వీపు మీదో పోతాయి.

అదే మిల్లులో ఒక మూల చిన్న గది ఉంటుంది. అందులో లెక్కలు రాసే బల్ల. ఆ బల్ల గుమాస్తా మోచేతికి సరిగ్గా అందుతుంది. ఆయన కుర్చీకి వెనక ఆనుకోడానికి ఉంది, కింద మెత్త ఉంది, పైన ఫ్యాను ఉంది. గుమాస్తా మీద మాకు కోపం లేదు. ఆయనా జీతగాడే. మా ప్రశ్న ఒకటే. కలం పట్టే చేతికి సరిపడా బల్ల కావాలని యజమానికి తట్టింది. డొక్కలెత్తే చేతికి సరిపడా బల్ల కావాలని ఎందుకు తట్టలేదు?

ఈ సంచికలో మనం మాట్లాడుకోవాల్సింది ఈ బల్ల గురించే. ఇది చిన్న విషయం కాదు.

మన వాడల్లో నలభై ఏళ్ళు దాటిన ఎవర్నన్నా పలకరించండి. "ఏం పెద్దమ్మా, పనికి పోవట్లేదా?" అంటే "నడుం పట్టేసింది నాయనా, లేస్తే కూర్చోలేను, కూర్చుంటే లేవలేను" అంటుంది. "ఏం బాబాయ్?" అంటే భుజం చూపిస్తాడు. మోకాలు చూపిస్తాడు. కొందరు వేళ్ళు లేని చెయ్యి చూపిస్తారు. ఇదంతా ఎలా వచ్చిందని అడిగితే మూడే జవాబులు. ఒకటి, వయసు. రెండు, తలరాత. మూడోది మేస్త్రీ చెప్పే జవాబు: "చూసుకుని పని చెయ్యొద్దూ? అజాగ్రత్త!"

ఈ మూడు జవాబులూ తప్పే. వయసే కారణమైతే అదే వయసు గుమాస్తా నడుం ఎందుకు నిలబడి ఉంది? తలరాతే అయితే ఆ రాత ఒకే పేటలో, ఒకే పని చేసేవాళ్ళ నడుం మీదే ఎందుకు రాసి ఉంది? అజాగ్రత్తే అయితే వేల సార్లు వంగి లేచిన మనిషి వంగిన ప్రతిసారీ జాగ్రత్తగా ఉండాలని చెప్పేవాడు, ఒక్కసారి గుట్టని పైకి జరిపితే సరిపోతుందని ఎందుకు చెప్పడు?

గాయం మనిషి తప్పులోంచి పుట్టడం లేదు. పనిచోటు కొలతలోంచి పుడుతోంది. మనిషిని పనికి తగ్గట్టు వంచుతున్నారు. పనిని మనిషికి తగ్గట్టు మార్చాలి. ప్రపంచంలో దీనికి ఒక శాస్త్రమే ఉంది. ఇంగ్లీషు చదివినవాళ్ళు దాన్ని ఎర్గనామిక్స్ అంటారు. పేరు నోరు తిరక్కపోయినా ఫర్వాలేదు. విషయం మన ఒంటికి ఎప్పుడో తెలుసు.

ఏతం తొక్కిన తాతలు మన ఇళ్ళల్లో ఉన్నారు. ఏతం మర్మం ఏమిటి? మధ్యలో ఆధారం, ఒక పక్క బరువు, ఇంకో పక్క బలం. బరువు ఆధారానికి దూరం జరిగేకొద్దీ రెండో పక్క బలం ఎక్కువ కావాలి. మన నడుం కూడా ఏతమే. వెన్నుపూస ఆధారం. చేతుల్లో ఉన్న గంప ముందు పక్క బరువు. వెనక పక్క దాన్ని లాగి పట్టేది వెన్ను కండరం. ఆ కండరం వెన్నుపూసకి రెండంగుళాల దూరంలోనే ఉంది, అంటే అయిదు సెంటీమీటర్లు. వంగి చేతులు చాచినప్పుడు గంప యాభై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పదింతల దూరం! అందుకని చేతిలో పది కిలోలుంటే వెన్ను కండరం దాదాపు వంద కిలోల బలంతో లాగాలి. వంగిన పై ఒంటి బరువు దీనికి అదనం. ఈ బలమంతా పూసల మధ్య ఉన్న మెత్తటి బిళ్ళల మీద పడుతుంది. ఒక రోజుకి ఏమీ కాదు. పదేళ్ళకి బిళ్ళ అరుగుతుంది, పక్కకి ఉబుకుతుంది, కాలికి పోయే నరాన్ని నొక్కుతుంది. అప్పుడు కాలంతా మంటలు. మనం దాన్ని "వాతం" అంటాం. కాదు, అది ఏతం లెక్క.

మన పెద్దలకి ఈ లెక్క తెలియక కాదు. కావిడి ఎందుకు కట్టారు? బరువుని రెండు భాగాలు చేసి, రెండు పక్కలా వేసి, ఒంటికి మధ్యలో ఉంచుకుంటే నడుం వంగదని. కుండని చంకనెందుకు ఎత్తుకుంటారు? బరువు ఒంటికి దగ్గరగా ఉంటుందని. సొంత పనికి బరువెత్తే మనిషి తన ఒంటిని కొలుచుకుని పనిముట్టు చేసుకుంటాడు. పని ఒకడిదీ, ఒళ్ళు ఇంకొకడిదీ అయినప్పుడే ఆ కొలత మాయమవుతుంది.

అమెరికా ప్రభుత్వానికి కార్మికుల ఆరోగ్యం చూసే ఒక పరిశోధన సంస్థ ఉంది. పేరు నయోష్. 1991లో వాళ్ళు రెండు చేతులతో బరువెత్తడానికి ఒక లెక్క కట్టారు. నేల కన్నా 75 సెంటీమీటర్ల ఎత్తున, ఒంటికి దగ్గరగా, ఎదురుగా ఉన్న బరువు, మంచి పట్టు దొరికితే, అప్పుడప్పుడు ఎత్తేదైతే, 23 కిలోల వరకూ చాలామందికి ఫర్వాలేదు. అదే బరువు రెట్టింపు దూరంలో, అంటే యాభై సెంటీమీటర్ల దూరంలో ఉంటే సగానికి తగ్గించాలి: పదకొండున్నర కిలోలు. అది నేల మీద నుంచి ఎత్తాల్సి వస్తే ఇంకా తగ్గి తొమ్మిది కిలోల లోపు. పైగా ఒళ్ళు పూర్తిగా పక్కకి తిప్పాల్సి వస్తే ఆరు కిలోల పైచిల్లర. నిమిషానికి నాలుగైదు సార్లు ఎత్తేవాడికి అంతకన్నా తక్కువ.

ఇప్పుడు మన మిల్లు దగ్గరికి రండి. డొక్కల గుట్ట నేల మీద ఉందా? ఉంది. చేతులు చాచాలా? చాచాలి. ఒళ్ళు తిప్పాలా? తిప్పాలి. రోజంతానా? రోజంతా. నీళ్ళు పీల్చిన డొక్కలు గంపెడు ఎంత తూగుతాయో కాటా వేసి చూడండి. ఆ లెక్క పక్కన ఈ లెక్క పెట్టండి. అజాగ్రత్త ఎవరిదో తేలిపోతుంది.

అదే గుట్టని నడుమెత్తు అరుగు మీద పోయించండి. యంత్రానికి ఎదురుగా పోయించండి, పక్కన కాదు. వంగడం పోయింది, తిప్పడం పోయింది. మనిషి అదే, డొక్క అదే, యంత్రం అదే. మారింది గుట్ట ఎత్తు. దానికి కావలసింది కాసిని ఇటుకలు, కాస్త సిమెంటు, ఒక పూట మేస్త్రీ పని. ఇంత చవకగా ఆగే నడుం నొప్పిని తలరాత అని ఎలా అంటారు?

కొలతల మాట వచ్చింది గనక ఇంకొకటి చెప్పుకుందాం. మన పాత కొలతలన్నీ ఒంటిలోంచి పుట్టినవే. బెత్తెడు, జానెడు, మూరెడు, బారెడు. అన్నీ మనిషి చెయ్యే. పూలు మూరల్లెక్కన అమ్ముకున్నాం, తాడు బారల్లెక్కన కొలిచాం. వస్తువుల్ని మన ఒంటితో కొలిచిన మనం మన ఒంటికి పనిచోటు కొలవమని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడుగుదాం. పద్ధతి తేలిక. తిన్నగా నిలబడి చెయ్యి మడవండి. నేల నుంచి మోచెయ్యి దాకా తాడుతో కొలవండి. తేలిక పనికి బల్ల మోచేతికి బెత్తెడు దిగువన ఉండాలి. బలం పెట్టి చేసే పనికి జానెడు దిగువన ఉండాలి. రోజూ పట్టుకునే వస్తువు మూరెడు దూరం దాటి ఉండకూడదు. పొడుగు మనిషీ పొట్టి మనిషీ ఒకే బల్ల దగ్గర పనిచేస్తే? బల్ల పొడుగు మనిషికి సరిపెట్టాలి, పొట్టి మనిషి కాళ్ళకింద చెక్క పీట వెయ్యాలి. ఆడవాళ్ళు పనిచేసే చోట మగవాడి ఎత్తుకి యంత్రం బిగించి "అందుకో" అంటే ఆ భుజం ఎన్నాళ్ళుంటుంది?

మిల్లు దాకా పోకముందే ఒలుపు ఉంది. నేలలో పాతిన గునపం మొన మీద కాయని గుచ్చి, ఒంటి బరువంతా వేసి, మెలి తిప్పి డొక్క చీలుస్తారు. వెయ్యికింత అని కూలి. వెయ్యి కాయలు ఒలిస్తే, కాయకి మూడు పోట్లనుకున్నా, మూడు వేల సార్లు నడుం వంగి మెలి తిరిగినట్టు. మణికట్టు తిరిగినట్టు. చెయ్యి జారితే ఎదురుగా మొన. ఆ గునపం ఎత్తు ఎవరు నిర్ణయించారు? ఎవరూ లేదు. దొరికిన గునపం, పాతినంత లోతు. ఒలిచే మనిషి ఎత్తుకి దాన్ని సరిచేస్తే, కాయలు పక్కనే నడుమెత్తు బల్ల మీద ఉంటే, సగం వంగుడు తగ్గుతుంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు "కేరమిత్ర" అని మీటతో డొక్క చీల్చే పనిముట్టు చేశారు. మనకి అంబాజీపేటలోనే ఉద్యాన పరిశోధన స్థానం ఉంది. చెట్టు తెగుళ్ళ మీద అక్కడ పరిశోధన జరుగుతుంది, మంచిదే. కాయ ఒలిచే మనిషి నడుం తెగులు మీద కూడా జరగాలని అడుగుదాం. చెట్టుకున్న విలువ మనిషికి లేదా?

తాడు పేనే ఆడవాళ్ళ సంగతి చూడండి. ఒడిలో పీచు పెట్టుకుని, రాట్నానికి పోగు తగిలించి, వెనక్కి వెనక్కి నడుస్తూ పేనుతారు. పది బారలు వెనక్కి, మళ్ళీ పది బారలు ముందుకి అనుకోండి. రోజుకి రెండు వందల పోగులు తీస్తే నాలుగు వేల బారలు. బార ఆరడుగులు. అంటే ఏడు కిలోమీటర్ల పైమాట, అందులో సగం వెనక్కి! అమలాపురం నుంచి అంబాజీపేట పోయినంత నడక, ఉన్నచోటే. కాయర్ బోర్డు మహిళా కాయర్ యోజన కింద శిక్షణ పొందిన ఆడవాళ్ళకి సబ్సిడీ మీద మోటారు రాట్నాలు ఇచ్చింది. చేత్తో తిప్పే బాధ తగ్గింది, నిజమే. అయితే రాట్నం ఎత్తు, నడిచే నేల, తలమీద నీడ, మధ్యలో కూర్చోడానికి పీట... ఇవి కూడా రాట్నంతో పాటు లెక్కలోకి రావాలి.

కూర్చోవడం అన్నాం కదా, ఆ మాట దగ్గర ఆగుదాం. మన తాతలు పెద్దిళ్ళ అరుగుల ముందు కూర్చోలేదు. నిలబడి, వంగి, తలగుడ్డ చేత్తో పట్టుకుని మాట్లాడారు. నిలబెట్టడం, వంచడం - కులం మన ఒంటికి నేర్పిన మొదటి పాఠాలివే. పనిచోటుకి వచ్చేసరికి అదే పాఠం వేరే పేరుతో సాగుతోంది. పీట మీద కూర్చుని చెయ్యగల పనిని కూడా వంగి చేయిస్తారు. కూర్చుంటే బద్ధకం అంటారు! కేరళలో బట్టల దుకాణాల ఆడవాళ్ళు ఈ మాట మీద ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో అక్కడి దుకాణాల చట్టంలో కూర్చునే హక్కు వచ్చింది. 2021లో తమిళనాడులో వచ్చింది. కుర్చీ కోసం ఒక చట్టమా అని నవ్వినవాళ్ళున్నారు. నిలబడీ నిలబడీ కాళ్ళు వాచినవాళ్ళు నవ్వలేదు.

అంబేడ్కర్ 1936లోనే చెప్పాడు, కులం పనుల్ని విడదీసి ఊరుకోలేదు, పనిచేసే మనుషుల్నే మెట్లుగా పేర్చిందని. పీచు మిల్లులో ఆ మెట్లు కంటికి కనిపిస్తాయి. పై మెట్టుకి కుర్చీ. కింది మెట్టుకి నేల.

ఆ మనిషి పేరు ఈ రోజు మన జిల్లా పేరు. ఆ పేరు వద్దని 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళకి నిప్పు పెట్టారు. పేరు నిలిచింది. బోర్డుల మీద ఉంది. కానీ ఆయన చేసిన పని మన మిల్లుల్లోకి వచ్చిందా? 1942 నుంచి 1946 దాకా వైస్రాయి కౌన్సిలులో కార్మిక శాఖ చూసింది ఆయనే. వారానికి 54 గంటలున్న ఫ్యాక్టరీ పనిని 48కి తగ్గించిన సవరణ 1946లో వచ్చింది. కార్మికుడి జబ్బుకీ గాయానికీ బీమా ఉండాలని అదార్కర్ నివేదిక తయారైంది ఆయన కాలంలోనే, 1944లో. అందులోంచే 1948లో ఈఎస్ఐ చట్టం పుట్టింది. ఆయనకి రాజ్యాంగం ఎంతో పనివాడి ఒళ్ళూ అంతే. విగ్రహానికి దండ వేసేటప్పుడు ఆ కార్మిక మంత్రి కూడా మనకి గుర్తుండాలి.

1948 ఫ్యాక్టరీల చట్టంలో మంచి మాటలున్నాయి. 21వ సెక్షను యంత్రానికి కంచె ఉండాలంది. 34వ సెక్షను గాయమయ్యేంత బరువు మోయించకూడదంది. 44వ సెక్షను నిలబడి పనిచేసేవాళ్ళకి కూర్చునే ఏర్పాటుండాలంది. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కూర్చునే ఏర్పాటు మాట కొత్త కోడ్‌లోనూ ఉంది. అయితే ఒక లెక్క మారింది. పాత చట్టంలో కరెంటుతో నడిచే చోట పదిమంది పనిచేస్తే అది ఫ్యాక్టరీ. కొత్త కోడ్‌లో ఇరవై మంది ఉండాలి. కరెంటు లేని చోట ఇరవై కాస్తా నలభై అయింది. మన చుట్టుపక్కల పీచు మిల్లుల్లో ఎన్నింట్లో ఇరవై మంది ఉంటారో మీరే లెక్కెయ్యండి. ఇరవై లేకపోతే అది ఫ్యాక్టరీ కాదు. యంత్రం అదే, పళ్ళు అవే, తెగే వేలు అదే! అయినా పదిమంది పనిచేసే ఏ చోటైనా యజమాని భద్రత చూడాల్సిందేనని అదే కోడ్ చెబుతోంది. ఆ పదిమంది లెక్కని మనం గట్టిగా పట్టుకోవాలి. హాజరు పుస్తకంలో ఏడుగురి పేర్లే రాసి పద్నాలుగు మందితో పని చేయించే చోట మొదటి పోరాటం పేరు రాయించుకోవడమే.

పరిహారం సంగతి ఇంకా విచిత్రం. 1923 నాటి పరిహార చట్టానికి చేర్చిన పట్టికలో ప్రతి వేలికీ ఒక శాతం రాసి ఉంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం పోయినట్టు. చూపుడు వేలికి 14. మధ్యవేలికి 12. ఉంగరపు వేలికీ చిటికెన వేలికీ చెరి 7. చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది గానీ, వేలికి కనీసం ఒక లెక్క ఉంది. నడుముకి? ఇరవై ఏళ్ళు మూటలు మోసి అరిగిపోయిన వెన్నుపూస వృత్తి వ్యాధుల జాబితాలో లేదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన జాబితాలో కండరాలు, కీళ్ళ జబ్బులకి ఒక భాగమే ఉంది. మన జాబితాకి అది ఇంకా చేరలేదు. తెగిన వేలు కంటికి కనబడుతుంది, అరిగిన నడుం కనబడదు. కనబడని గాయానికి సాక్ష్యం ఎవరిస్తారు?

1700లో రమజ్జీని అనే ఇటలీ వైద్యుడు పనివాళ్ళ జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగి దగ్గరికి పోయిన వైద్యుడు అన్ని ప్రశ్నలతో పాటు "నువ్వేం పని చేస్తావు?" అని కూడా అడగాలని చెప్పాడు. మూడు వందల ఏళ్ళు దాటింది. మనకి నడుం నొప్పి వస్తే సూది పడుతుంది, బిళ్ళలిస్తారు. ఏం పని చేస్తావని అడగరు. అడగకపోయినా మనం చెప్పాలి. "అయ్యా, నేను పీచు మిల్లులో ఇన్నేళ్ళుగా డొక్కలెత్తుతున్నాను, ఆ మాట చీటీ మీద రాయండి" అని పట్టుబట్టాలి. ఆ ఒక్క వాక్యమే రేపు కనబడని గాయానికి సాక్ష్యం.

వేళ్ళు తెగడం వేరు, నడుం అరగడం వేరు అనుకోకండి. రెంటికీ వేరు ఒక్కటే. యంత్రం నోరు దగ్గరగా, పొట్టిగా ఉంటే చెయ్యి లోపలికి పోతుంది. వేసే గొట్టం మనిషి చెయ్యికన్నా పొడుగుంటే వేళ్ళు పళ్ళని అందుకోనే అందుకోవు. పొద్దున్నుంచీ వంగి ఒళ్ళు హూనమైన మనిషి చెయ్యి సాయంత్రం అయ్యేసరికి చెప్పినట్టు వినదు. పైగా వెయ్యికింత, మూటకింత అని కూలి. ఆగితే కూలి పోతుంది. ఇరుక్కున్న డొక్కని యంత్రం ఆపకుండానే లాగడం అక్కడే వస్తుంది. అందుకని బల్ల ఎత్తు, గొట్టం పొడుగు, ఆపే మీట, నడుమ విరామం, కూలి పద్ధతి... ఇవన్నీ ఒకే తాడులో పురులు.

యజమానులు ఏమంటారో తెలుసు. "చిన్న మిల్లండీ, పీచు ధర పడిపోయింది, ఎక్కడి నుంచి తెచ్చేది?" చిన్న మిల్లుల కష్టం మాకు తెలియంది కాదు. కానీ మేం అడిగేది విదేశీ యంత్రాలు కాదు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పనిచోటు సరిదిద్దుకునే మార్గాలు 128 ఒక పుస్తకంగా వేసింది. దాని ఉద్దేశమే తక్కువ ఖర్చు. చక్రాల బండి, నడుమెత్తు బల్ల, మూటకి పట్టు, గుంటలు లేని దారి, చాలినంత వెలుతురు. ఇవి కోటీశ్వరుడి సొత్తులా? ఇంకో మాట. మనిషి నడుం విరిగి మానేస్తే, చేతిలో పని తెలిసిన మనిషి పోతాడు. ఆ నష్టం లెక్కల పుస్తకంలో రాయరు గనక లేదనుకుంటున్నారు.

ఇప్పుడు మన తప్పు కూడా చెప్పుకోవాలి. ఊరికే ఎదుటివాణ్ణి అంటే సరిపోదు. మన సంఘాలు బేరానికి కూర్చున్న ప్రతిసారీ వెయ్యికి ఎంత, మూటకి ఎంత అని అడిగాయి. గుట్ట ఎత్తెంత, మూట బరువెంత అని అడగలేదు. రేటు పెరిగింది, మూట కూడా పెరిగింది! పెరిగిన కూలి మందుల కొట్టుకి పోయింది. మన కుర్రాళ్ళలో ఇంకో జబ్బుంది. ఎక్కువ బరువెత్తినవాడే మగాడని పందేలు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఎదిగిన మగవాడు మోసే బరువు 55 కిలోలు దాటకూడదని సిఫారసు చేసింది. అదీ పై హద్దు, రోజువారీ కొలత కాదు. పందెం నెగ్గిన వీపుకి యజమాని పతకం ఇవ్వడు తమ్ముళ్ళూ, నలభై ఏళ్ళకి మంచం ఇస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళ నడుం నొప్పిని మనం కూడా "ఎప్పుడూ ఉండేదేలే" అని కొట్టిపారేశాం. మిల్లులో వంగి, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర మళ్ళీ వంగుతున్న మనిషిని చూడలేదు. ఈ తప్పు మనదే. దిద్దుకుందాం.

యంత్రాలొస్తే పని పోతుందనే భయం ఉంది. అది ఉత్తుత్తి భయం కాదు. ఒలుపు యంత్రమొచ్చి వందమంది చేతిలో పని లాక్కుంటే నడుం బాగుండి ఏం లాభం? అందుకే మన మాట స్పష్టంగా ఉండాలి. మనిషిని తీసేసే యంత్రం వేరు, మనిషి భారం తీసేసే పనిముట్టు వేరు. రెండోది మన చేతికి రావాలి. కొత్త పనిముట్లు సబ్సిడీ మీద వస్తే పనిచేసేవాళ్ళ పొదుపు సంఘాలకి, సహకార సంఘాలకి ముందు ఇవ్వాలి.

ఈ పక్షం నుంచి ప్రతి ఊరి కార్యకర్తా చెయ్యాల్సిన పని ఇది. మీ ఊళ్ళో పీచు మిల్లుకి, ఒలుపు చోటుకి, తాళ్ళ షెడ్డుకి వెళ్ళండి. చేతిలో ఒక తాడు, ఒక నోటు పుస్తకం చాలు. పనిచేసేవాళ్ళ మోచేతి ఎత్తు కొలవండి. బల్ల ఎత్తు కొలవండి. గుట్ట నేల మీద ఉందో, అరుగు మీద ఉందో రాయండి. మూట కాటా మీద పెట్టించండి. యంత్రం గొట్టం పొడుగు, మనిషి చెయ్యి పొడుగు పక్కపక్కన రాయండి. ఎవరికి ఎక్కడ నొప్పి, ఎన్నేళ్ళుగా ఆ పని, రాయండి. నొప్పి ఉన్నచోట చుక్క పెట్టడానికి మనిషి బొమ్మ ఒకటి గీసుకుంటే చదువు రానివాళ్ళు కూడా వేలుపెట్టి చూపిస్తారు. పదిమంది బొమ్మల్లో చుక్క ఒకేచోట పడితే అది తలరాత కాదని రుజువైపోతుంది.

ఆ పుస్తకం చేత్తో పట్టుకుని ఇవి అడుగుదాం:

1. డొక్కలు, పీచు, కాయలు నేల మీద కాకుండా నడుమెత్తు అరుగు మీద ఉండాలి, యంత్రానికి ఎదురుగా ఉండాలి.

2. యంత్రం నోటి గొట్టం మనిషి చెయ్యికన్నా పొడుగుండాలి. పట్టాలకీ చక్రాలకీ కంచె ఉండాలి. చెయ్యి చాస్తే అందే చోట ఆపే మీట ఉండాలి. చీరకొంగు, జుట్టు చుట్టుకునే ఇరుసు ఏదీ బయటికి ఉండకూడదు.

3. మూట ఒక్కరు మోయగలిగినంతే కట్టాలి. అంతకు మించితే ఇద్దరు, లేదా చక్రాల బండి. లారీకి ఏటవాలు చెక్క వెయ్యాలి.

4. పనిచేసే ప్రతి ఒక్కరికీ కూర్చునే పీట, తాగే నీళ్ళు, ఆడవాళ్ళకి మరుగు. పూటకి రెండు చిన్న విరామాలు, కూలి కొయ్యకుండా. ఒకే మనిషి రోజంతా ఒకే పని చెయ్యకుండా మార్పు.

5. హాజరు పుస్తకంలో అందరి పేర్లూ. పదిమంది ఉన్నచోట ఈఎస్ఐ. గాయపడి పని మానిన రోజులకి ఈఎస్ఐలో కూలిలో 90 శాతం దాకా వస్తుందని ప్రతివాడికీ తెలియాలి.

6. గాయమైతే పరిహారం. ఇరవై మంది లేరని, ఫ్యాక్టరీ కాదని చెప్పి దాన్ని ఎగ్గొట్టడానికి లేదు. బరువు మోత వల్ల వచ్చే నడుం, కీళ్ళ జబ్బుల్ని వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చాలి.

7. కాయర్ బోర్డు గానీ ప్రభుత్వం గానీ మిల్లుకి సబ్సిడీ ఇచ్చేముందు బల్ల ఎత్తు, గొట్టం పొడుగు, కంచె చూడాలి. అవి లేకపోతే డబ్బు లేదు.

ఇందులో ఆకాశం దించమన్నది ఏదీ లేదు. గుట్టని నేల మీంచి నడుం దాకా లేపమంటున్నాం. నోటిని చెయ్యికన్నా పొడుగు చెయ్యమంటున్నాం. ఒక పీట వెయ్యమంటున్నాం.

మనల్ని వంచి ఉంచడానికి ఒకప్పుడు శాస్త్రాలు చెప్పారు. ఇప్పుడు శాస్త్రం చెప్పక్కర్లేదు, గుట్టని నేల మీద పోస్తే చాలు, మనమే వంగుతున్నాం. కోనసీమ కొబ్బరి చెట్టు ఎంత గాలొచ్చినా ఊగి మళ్ళీ నిలబడుతుంది. దాని కాయ ఒలిచే మనిషి, దాని పీచు తీసే మనిషి సాయంత్రానికి నిటారుగా నడిచి ఇంటికి రావాలి. ఈసారి బేరానికి కూర్చున్నప్పుడు రేటు కన్నా ముందు ఈ ప్రశ్న వెయ్యండి: ఈ బల్ల ఎత్తు ఎవరు కొలిచారు? ఎవరి ఒంటితో కొలిచారు?

జవాబు లేకపోతే, తాడు మన దగ్గరుంది. మనమే కొలుద్దాం.